ఉల్లికోట

నేను చేపలకి పొగబెట్టి అమ్ముకునే మనిషిని. మొప్తి ఊరి నదిరేవులో పడవలు ఆగే మెట్లకి కుడివైపు మూడో చాప నాది. పేరు కూంబా కరబెంటా. ఆ ఇంటిపేరు వినగానే మా వైపు జనం సరదాగా ముక్కు మూసుకుంటారు. కరబెంటా అంటే బోజో, బోజో అంటే నది మీద చేపలు పట్టే జాతి. మూసుకోనివ్వండి. నా చేప తిననివాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడో చూపించమనండి.

నాకు నలభై నాలుగేళ్ళు. ఇద్దరాడపిల్లలకి పెళ్ళిళ్ళు చేశాను. ఇలాంటి దాన్ని ఫోన్లో యుద్ధాలు చేస్తానంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. మా చిన్నది కొత్త ఫోను కొనుక్కుని పాతది నా ఒళ్ళో పడేసింది. అందులో 'ఏడు కోటలు' అనే ఆట ఉండిపోయింది. డబ్బు కట్టక్కర్లేదు. కట్టినవాళ్ళకి ఇత్తడి ఫిరంగులు, నాలాంటి వాళ్ళకి చెక్క పడవలూ, చెప్పిన మాట వినని గాడిదలూ. రోజుకి ఒక్కటే ఎత్తు. మనం వేశాక మర్నాటిదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. పొయ్యి దగ్గర రోజంతా కూర్చునేదాన్ని, నాకు బాగానే కుదిరింది.

మూడేళ్ళ కిందట నా నదికోట పక్కన, కొండ మీద కొత్త కోట ఒకటి వెలిసింది. యజమాని పేరు చూద్దును కదా, ఒగోబారా కాసోగే! కాసోగే అంటే డోగోన్. కొండ అంచున ఉల్లి పండించుకునే జాతి. నా నోరు ఆగలేదు, వెంటనే రాసేశాను.

"ఒరేయ్ ఉల్లిపాయా, భూమ్మీద జాగా చాలక ఇక్కడికి కూడా తగలడ్డావా?"

నిమిషంలో జవాబు వచ్చింది.

"ఫోను కంపు కొడుతోందేంటా అని ఇందాకట్నించీ వెతుకుతున్నా. నువ్వేనా, చేపల మొహమా!"

బోజోలకీ డోగోన్లకీ మధ్య ఒట్టు ఉంది. ఏదో కరువులో మా తాత తన తొడ కోసి వాళ్ళ తాత ఆకలి తీర్చాడని మేం చెబుతాం. కోసుకున్నది తమ తాతేనని వాళ్ళు వాదిస్తారు. ఎవరి తొడైతేనేం, అప్పట్నించి వాళ్ళ రక్తపు చుక్క మా చేతిమీదుగా నేలపడకూడదు, మాది వాళ్ళ చేతిమీదుగా పడకూడదు. పెళ్ళిళ్ళూ లేవు. మిగిలింది తిట్లు, దొంగతనం. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టకపోతేనే తప్పు. ఎదుటివాడి బుట్టలోంచి నచ్చింది ఎత్తుకుపోవచ్చు. కోపం మాత్రం రాకూడదు.

మా ఆటలోనూ అదే నడిచింది. అతని జట్టు వేరు, నా జట్టు వేరు. లెక్క ప్రకారం మేమిద్దరం ఒకళ్ళ గోడలు ఒకళ్ళం కూల్చుకోవాలి. మూడేళ్ళలో ఒక్క బాణం వేసుకోలేదు. ఆ ఆటలో మనుషులు చావకుండా గాదె దోచుకునే ఎత్తు ఒకటుంది. ఎవరూ దాన్ని లెక్కచెయ్యరు, వచ్చేది బొత్తిగా తక్కువ. మేం రోజూ అదే వేసేవాళ్ళం. అతను నా ధాన్యం ఎత్తుకుపోతాడు, మర్నాడు నేను వెళ్ళి తెచ్చుకుంటాను, పోతూ పోతూ తలుపు మీద ఒక తిట్టు రాసి వస్తాను. అతని కోటకి నేను పెట్టిన పేరు ఉల్లికోట.

అతని ఊళ్ళో ఫోన్లు పలకవు. పొలం పైన ఒక బండరాయి ఉంది, అదెక్కితే సిగ్నలు తగులుతుంది. అందుకని రోజూ సాయంత్రం నాలుగింటికి రాయి ఎక్కి, తన ఎత్తు వేసి, నన్ను నాలుగు మాటలని దిగిపోయేవాడు. నాలుగయ్యేసరికి నేను చేతులు కడుక్కుని కూర్చునేదాన్ని.

"ఎవడే వాడు, రోజూ ఇదే వేళకి?" అని మా ఆయన సోరి ఒకసారి కళ్ళెర్రజేశాడు.

"డోగోన్ వాడయ్యా."

"ఓ, ఉల్లిపాయా! ముందే చెప్పొచ్చుగా," అని అటు తిరిగి పడుకున్నాడు. ఇంకెవడైనా అయ్యుంటే ఆ ఫోను నదిలో తేలేది.

మనిషిని నేను ఒక్కసారే చూశాను. పోయిన ఎండాకాలం ఉల్లి బస్తాలతో మొప్తి వచ్చాడు. ఎండిన మునక్కాడలా పొడుగ్గా ఉన్నాడు. నా చాప ముందు నిలబడి రేవంతా వినపడేలా అరిచాడు.

"ఇక్కడ కుళ్ళిన చేపలమ్మే కూంబా అంటే ఎవరండీ?"

"కుళ్ళింది చేప కాదురా, నీ బుర్ర. వంగి మాట్లాడు, అంత ఎత్తునుంచి ఉల్లి కంపు నా మీద పడుతోంది."

అతను వంగాడు. వంగి, అన్నిట్లోకీ పెద్ద చేప తీసి చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. రాజధాని నుంచి వచ్చిన ఒకావిడ అప్పుడే బేరమాడుతోంది. "దొంగ! పట్టుకోండి!" అని గుండె బాదుకుంది. రేవులో జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"పోనివ్వమ్మా," అన్నాను. "కొండమీద రాళ్ళు నమిలే జనం. చేపంటే ఏంటో ఒకసారి చూసుకోనీ."

అతను అక్కణ్ణించే కేకేశాడు. "చెప్పులకి అట్ట వేయించుకుందామని తీసుకెళుతున్నానే, తినడానిక్కాదు!"

నాకు అన్నదమ్ములు లేరు. ఆ రోజు ఇంటికెళుతూ, ఉంటే ఇలాంటివాడే ఉండేవాడు అనుకున్నాను.

ఈ వర్షాకాలం ఒక ఆదివారం నాడు అతను రాశాడు. "రేపు కిందికి దిగుతున్నా, సంతకి. అక్కడైతే సిగ్నలు బాగుంటుంది. నీ గాదె తలుపులు బిగించుకో, చేపల మొహమా. రేపు ఊడ్చేస్తా."

నేను తలుపులు బార్లా తీసి కూర్చున్నాను. సోమవారం నాలుగైంది, అయిదైంది. అతని ఎత్తు రాలేదు.

వానలకి బండి దిగబడిందనుకున్నాను. మంగళవారం కూడా రాలేదు. బుధవారం ఫోను చేస్తే నంబరు అందుబాటులో లేదని ఆడగొంతు చెప్పింది. కొండ వైపు దారులు ఏళ్ళ తరబడి ఎలా ఉన్నాయో మాకు తెలుసు. తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు ఒక జట్టు కాదు, రెండు కాదు. ఎవరు ఎవరిని ఎందుకు ఆపుతారో ఎవరూ చెప్పలేరు. తెలిసీ నేను ఆ మూడ్రోజులూ వాననే తిట్టాను.

గురువారం చేపలు పక్క చాప ఆమెకి అప్పగించి, పక్క ఊరు సెవారేలో బండ్ల అడ్డాకి వెళ్ళాను. కొండ వైపు బండ్లు నడిపే డ్రైవరు ఒకడు టైరు మీద కూర్చుని టీ కాచుకుంటున్నాడు.

"సోమవారం కొండ ఊళ్ళ నుంచి సంతకి బండి వచ్చిందా?" అని అడిగాను.

"బయలుదేరిందన్నారు."

"వచ్చిందా అంటున్నా."

అతను గ్లాసులోకి చూశాడు. "బయలుదేరిందని చెప్పాను కదక్కా. నాకు తెలిసింది అంతే. ఆ దారిలో ఇప్పుడు ఎవరం పోవట్లేదు."

అక్కణ్ణించి మొప్తి బజారులో ఉల్లి వరసకి వెళ్ళాను. అక్కడంతా డోగోన్ ఆడవాళ్ళే. ముసలి యాపిలే వాళ్ళకి పెద్ద. నన్ను చూడగానే మొదలెట్టింది.

"ముక్కులు మూసుకోండర్రా, నది నడిచొస్తోంది!"

"మూసుకో ముసలీ, నీ ముక్కు ఎలాగూ ఊడిపోయే వయసే," అని, తర్వాత ఒగోబారా పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను.

యాపిలే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. "ఆ ఊరి కబురు మాకూ లేదమ్మా," అంది మెల్లగా. "మా ఆడపడుచు కొడుకు కూడా అక్కడే."

ఆ ముసలిది నన్ను పుట్టినప్పట్నించి తిడుతోంది. 'అమ్మా' అనడం అదే మొదటిసారి.

ఇంక నాకు మిగిలింది ఆ కోటొక్కటే. ఆటలో మనిషి ఉంటే పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది, లేకపోతే ఎన్నాళ్ళుగా లేడో అంకె పడుతుంది. ఉల్లికోట మీద నాలుగు పడింది, అయిదు పడింది. పది రోజులు ఎత్తు పడకపోతే కోట తనంతట తను కూలిపోతుంది. పేరు చెరిగిపోతుంది, ఉత్తరాల పెట్టె కూడా పోతుంది. మూడేళ్ళ తిట్లు అందులోనే ఉన్నాయి. అంతకంటే, అతను ఎప్పుడైనా ఆ రాయి ఎక్కగలిగితే నన్ను పిలిచేది ఆ పెట్టెలోంచే. అతని వంతు నేను ఆడే వీలు లేదు. గోడ పక్క గోడ మాది, అయినా ఒక్క రాయి ఎత్తి పెట్టలేను.

ఏడో రోజు మా జట్టు నాయకుడు రాశాడు. ఎమ్రే అని, తుర్కీలో పళ్ళ డాక్టరు. అతని భాషని ఆటే మాకు అర్థమయ్యేలా మార్చి పెడుతుంది.

"కూంబా గారూ, మీ పక్క కోట నిద్రపోతోంది. రేపు కొట్టండి. కూలిపోతే ఆ ధాన్యం ఎవరికీ దక్కదు."

"కొట్టను. అతను డోగోన్, నేను బోజో."

"బోజో అంటే ఏ రకం సైనికుడు? నా జాబితాలో లేదు."

నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు. నాకు చేతనైనట్టు అంతా వివరించి రాశాను. తాత, తొడ, ఒట్టు, సోమవారం సంత, రాని బండి. చాలాసేపటికి జవాబొచ్చింది. చెడ్డవాడు కాదు, బాగా ఆలోచించే రాశాడు.

"మీ స్నేహితుడి కోట నిలబడటానికి ఒక దారి ఉంది. యుద్ధంలో ఉన్న కోట కూలదు. ఒక చిన్న దాడి చేయండి, పదిమంది చాలు. అతని అంకె మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది."

"దాడి చేస్తే అవతల చస్తారా?"

"ఇద్దరో ముగ్గురో."

"వాళ్ళు డోగోన్లు కదా."

"కూంబా గారూ, వాళ్ళు బొమ్మలు."

బొమ్మలని నాకు తెలియదా? నలభై నాలుగేళ్ళదాన్ని, ఫోన్లో మనుషులుండరని తెలుసు. కానీ ఆ బొమ్మల మీద అతని పేరు రాసుంది. ఈ మూడేళ్ళూ మేం ఆడింది ఆ ఒట్టునే. అతను ఏ గోతిలోనో, ఏ చెట్టు కిందో, చేతులు కట్టేసి ఉన్నాడో, దాక్కుని ఉన్నాడో. ఇక్కడ నేను కూర్చుని అతని మనుషుల్ని పొడవాలా? పొడవకపోతే అతని పేరు నా కళ్ళముందే చెరిగిపోతుంది. పొడిస్తే నిలబడుతుంది. ఇలాంటి దారి చూపించినందుకు ఆ డాక్టరు మీద ఒళ్ళు మండింది.

సోరిని అడిగాను. పడవకి తారు పూస్తున్నాడు.

"ఆటే కదే, కొట్టెయ్," అన్నాడు. రెండడుగులు పూశాక బ్రష్షు ఆపి, "నిజంగానే రక్తం చూపిస్తుందా అందులో?" అన్నాడు.

"ఎర్రగా చూపిస్తుంది."

"అయితే వద్దులే. ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు.

తొమ్మిది పడింది. తొమ్మిదో రోజంతా పదిమంది సైనికుల్ని పడవెక్కించడం, దింపడం. ఎక్కించిన ప్రతిసారీ 'దాడి చేయాలా?' అని ఆట అడుగుతుంది. వేలు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. ఒక బుట్టెడు చేప మాడ్చేశాను. పక్క చాప ఆమె, "నీకేమైనా పట్టిందా?" అంది. పట్టిందనే చెప్పాను. చివరికి నా ఎత్తు గాదె దోపిడీకే వాడాను, అది యుద్ధం కింద రాదని, అతని అంకె మారదని తెలిసీ. అతని గాదెలోంచి ఒక బస్తా తెచ్చుకుని తలుపు మీద రాశాను. "వెధవా, రేపటిదాకానే గడువు. నా కోసం కాదు, నీ ఉల్లి కోసమైనా రా."

పదో రోజు మధ్యాహ్నం మూడు దాటింది. నేను ఫోను వైపు చూడకూడదని చేపలు తిరగేస్తున్నాను. అది టింగుమంది.

ఉల్లికోట మీద పచ్చదీపం.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు. మెట్ల మీద పడవవాళ్ళు ఎవరో నీళ్ళలో పడ్డారనుకుని పరిగెత్తుకొచ్చారు. "బతికే ఉన్నాడు! ఉల్లిపాయ బతికే ఉన్నాడు!" అని ఎదురొచ్చిన ప్రతివాడి చేతిలో ఒక చేప పెట్టాను. ఒక పెద్దాయన ఎవరు బతికారని అడక్కుండానే రెండు పట్టుకుపోయాడు. ఏడుస్తూ, నవ్వుతూ, చేతికంటిన మసితోనే ఫోను తీశాను.

'ఒగోబారా కాసోగే మీ నదికోటపై దాడి చేశాడు. మీ పడవలు ఇరవై రెండు కాలిపోయాయి. మీ సైనికులు అరవై మంది చనిపోయారు.'

రెండుసార్లు చదివాను. వేలు జారి ఉంటుందనుకున్నాను. పది రోజులు ఆడక చెయ్యి తప్పి ఉంటుంది. కానీ దాడి అనగానే ఆట రెండుసార్లు అడుగుతుందని నాకు తెలుసు. ముందు రోజంతా నన్ను అడుగుతూనే ఉంది కదా.

అయినా రాశాను. "ఒరేయ్ ఒట్టు తప్పినవాడా, ఉల్లి తిని కళ్ళు మసకేశాయా? ఎక్కడ చచ్చావు ఇన్నాళ్ళు?"

తిట్టు కోసం ఎదురుచూశాను. జీవితంలో దేనికోసమూ అంత ఎదురుచూడలేదు. ఏదో ఒకటి, చేపల మొహమా అంటే చాలు.

"నమస్కారమండీ," అని వచ్చింది. "ఏమైనా తప్పు చేశానా? నేను ఈ ఆటకి కొత్త. మీది శత్రువు కోట అని చూపిస్తే కొట్టాను. మీకు ఇబ్బందైతే క్షమించండమ్మా."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఈ ఫోను మీకెక్కడిది?"

"మొన్న కొన్నానమ్మా. నేను దర్జీని. సంతలో ఒకాయన దుప్పటి పరిచి అమ్ముతున్నాడు."

"ఇదొక్కటేనా?"

"లేదు, చాలా ఉన్నాయి. ఆడవాళ్ళవి కూడా. పూసల తాళ్ళు కట్టినవి, చిన్న ఫొటోలు వెనకాల అంటించినవి."

"ఎవరివని అడగలేదా?"

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "అలాంటివి మేం అడగమమ్మా. మీకు తెలియనిదేముంది." ఇంకాసేపటికి, "ఇందులో ఉల్లి మళ్ళ ఫొటోలు చాలా ఉన్నాయి. జాగా చాలక చెరిపేశాను. ఈ ఆట బాగుందని ఉంచుకున్నాను. ఆపెయ్యమంటారా?" అని రాశాడు.

ఎవర్ని తిట్టను? అతను మర్యాదస్తుడు. పగలంతా బట్టలు కుట్టుకుని సాయంత్రం కాసేపు సరదాపడదామనుకున్న మనిషి. ఆపమంటే ఆపేస్తాడు, పది రోజుల్లో ఒగోబారా పేరు చెరిగిపోతుంది. ఆడమంటే ఒగోబారా పేరుతో రోజూ నా మనుషుల్ని చంపుతాడు. ఆపమనీ రాయలేకపోయాను, ఆడమనీ రాయలేకపోయాను. కింద ఎమ్రే ఉత్తరం వచ్చి పడింది. 'శుభవార్త! మీ స్నేహితుడు లేచాడు. ఇప్పుడు మీరూ కొట్టొచ్చు.'

ఫోను చాప కింద పెట్టేసి, మసి చేతులతోనే ఉల్లి వరసకి వెళ్ళాను.

మాలో ఇంకో ఆనవాయితీ ఉంది. డోగోన్ వాడు పోతే బోజోలం వెళ్ళి అల్లరి చేస్తాం. శవం ముందు నిలబడి పోయినవాణ్ణి వెక్కిరిస్తాం, వాడి నడక నడుస్తాం, వాడి పిసినారితనం చాటుతాం. ఏడ్చేవాళ్ళు నవ్వేదాకా వదలం. అలా చెయ్యకపోతే పోయినవాణ్ణి ఘనంగా సాగనంపినట్టు కాదు. ఒగోబారాకి ఇంత చేసే బోజో ఇంకెవరున్నారు? నేనే చెయ్యాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. రాళ్ళు నమిలేవాడు, చేప చెప్పులవాడు, మునక్కాడ మనిషి.

యాపిలే ముందు నిలబడ్డాను. నడుం నిటారుగా చేసి, అతనిలా తల పైకెత్తి, గొంతు పెద్దది చేశాను. "విన్నారా ఉల్లి జనమా! మీ వాడొకడు..."

"ఆగు," అంది యాపిలే. "ఎవరు చెప్పారు నీకు?"

చెప్పాను. దర్జీ, దుప్పటి, ఫోన్లు. పూసల తాళ్ళ మాట వచ్చేసరికి వరసలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

"శవాన్ని చూశావా?" అంది యాపిలే.

"లేదు."

"చూసినవాళ్ళు ఉన్నారా?"

"లేరు."

"అయితే వద్దు తల్లీ. శవం లేకుండా వెక్కిరించకూడదు. వాడు పోయాడని మేం ఇంకా అనలేదు. మేం అనకముందు నువ్వు అనకూడదు."

"మరి ఎప్పుడంటారు?"

ముసలిది ఉల్లి బుట్ట కొంచెం పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. నేను కూర్చున్నాను. కొనేవాళ్ళు వచ్చారు, బేరమాడారు, వెళ్ళారు. తిట్టాల్సిన తిట్లన్నీ నోటినిండా అలాగే ఉన్నాయి, మింగనూ లేను, కక్కనూ లేను.